ఎదురింట్లో నా బూట్లు

ఆ రోజుల్లో (మరీ పలకా బలపం కాలమేమీ కాదు, పన్నెండేళ్ళ కిందటి మాటే) నాకు ఎవరైనా 'వద్దు' అంటే చాలు, అప్పటిదాకా అక్కర్లేనిది కూడా అర్జెంటుగా కావాల్సి వచ్చేది. చలికాలంలో ఐస్‌క్రీమ్ వద్దంటే ఐస్‌క్రీమ్ కావాలి. పియానో మానొద్దంటే ఆ సాయంత్రమే మానెయ్యాలి. ఇప్పుడూ ఆ గుణం పోలేదు గానీ, మా ఆఫీసులో ఏడాదికోసారి నింపే ఫారాల్లో దానికి 'లీడర్‌షిప్' అని పేరు పెట్టి మెచ్చుకుంటున్నారు. మా అమ్మ మాత్రం పాత పేరే వాడుతుంది. మొండితనం అంటుంది.

అప్పుడు మేం కాన్‌బెర్రాలో, హారిసన్ అనే పేటలో ఉండేవాళ్ళం. నేను టెన్త్ చదువుతున్నాను. స్కూలు బ్యాగుతో కలిపి తూస్తే నలభై ఎనిమిది కిలోలుండేదాన్ని (బ్యాగు బరువు ఆరు కిలోలు). క్లాసులో ఏ గ్రూప్ ప్రాజెక్టు వచ్చినా 'నీ చేతిరాత బాగుంటుంది, నువ్వు నోట్స్ రాయి' అని పెన్ను నా చేతిలో పెట్టేవాళ్ళు. ఇంట్లో ఏం తినాలో అమ్మ, ఏం చదవాలో నాన్న, జడ ఎలా వేసుకోవాలో అమ్మమ్మ చెప్పేవాళ్ళు. నోటితో చెబితే చానెల్ మార్చే టీవీ రిమోట్ ఒకటి కొన్నాడు నాన్న. అది కూడా నా గొంతు వినేది కాదు. పదిహేనేళ్ళ జీవితంలో నేను చెబితే ఇంకొకరు కదిలిన సందర్భం ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదు.

అలాంటి రోజుల్లో మా స్కూల్లో మొట్టమొదటిసారి అమ్మాయిల రగ్బీ జట్టు పెడుతున్నామని ప్రకటించారు. పదమూడు మంది ఆడే మా రకం రగ్బీలో ఏడో నంబరు జెర్సీ వేసుకునే మనిషిని హాఫ్‌బ్యాక్ అంటారు. అమెరికా ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడే, బంతి చేతిలో పట్టుకుని ఎవరు ఎటు పరిగెత్తాలో అరిచి చెప్పేవాడు, ఇంచుమించు అదే ఉద్యోగం. మిగతా పన్నెండు మందీ ఆ ఒక్కరి మాట వినాలి. ఆ సంగతి తెలిసిన క్షణంలోనే నాకు ఆ నంబరు మీద మనసు పడింది. బంతి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, ఆట పూర్తిగా చూసిందీ లేదు. అయినా నోటీసు బోర్డు మీద కాగితంలో నా పేరు రాసి, పక్కన 'ఏడు' అని వేసి, దాని కింద రెండు గీతలు గీశాను.

జట్టు బాధ్యత మా పీటీ టీచర్‌ది. మెడలో విజిల్ లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు కాబట్టి విజిల్ మిస్ అనేవాళ్ళం. ఆమె ఆ కాగితం చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కాగితం చూసింది. "నువ్వు వింగ్‌లో బాగుంటావు, లవ్," అంది జాలిగా (ఆమెకి పిల్లలందరూ 'లవ్'లే). వింగ్ అంటే మైదానం అంచు. "అక్కడికి బాల్ పెద్దగా రాదు. నువ్వూ సేఫ్, బాలూ సేఫ్." పైగా ఏడో నంబరుకి అప్పటికే ఒక అమ్మాయి ఖాయమైనట్టే ఉంది. ఆరేళ్ళ వయసు నుంచి క్లబ్బులో ఆడుతున్న పొడుగుపాటి పిల్ల. వెనక గుర్రం తోకలా ఊగే జుట్టు చూసి పోనీటెయిల్ అని పేరు పెట్టుకున్నాను. నా వైపు చూసి మంచిగానే నవ్వింది. ఆ మంచితనమే నాకు మరీ మండింది.

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పాను, ట్రయల్ పెట్టి ఎంపిక చేస్తారనీ చెప్పాను. మా అమ్మ పళ్ళ డాక్టరు. అంటే లోకంలో ప్రతి ఆటనీ ఊడే పళ్ళ లెక్కలో చూసే మనిషి. "రగ్బీనా? నీకేమన్నా మెంటలా? స్విమ్మింగ్ ఉంది, టెన్నిస్ ఉంది, డిబేటింగ్ ఉంది. ఈ కొట్టుకునే ఆటే దొరికిందా?" అంది. "అమ్మా, ఇట్స్ నాట్ కొట్టుకోవడం, ఇట్స్ టాక్లింగ్!" అన్నాను. అమ్మ ఫోన్ తీసి, ముందు పళ్ళు రెండూ లోపలికి పోయిన ఒక దవడ ఫొటో చూపించింది. మేం సాంబారు తింటున్నాం. నాన్న ప్లేటు పక్కకి జరిపి, కాస్త తేరుకుని, "ట్రయల్ అంటే ఏంటమ్మా, ఎంట్రన్స్ లాంటిదా? సిలబస్ ఏమన్నా ఇచ్చారా? లాస్ట్ ఇయర్ పేపర్లు దొరుకుతాయా?" అని అడిగాడు. ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే అడిగాడు.

అమ్మమ్మ మాత్రం, "ఏడో నంబరంటే రోల్ నంబరా?" అంది. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆర్నెల్ల వీసా మీద మా దగ్గరికొచ్చి, పాఠం చెప్పడానికి పిల్లలు లేక, రోజుకి రెండుసార్లు మా పెరట్లో మొక్కల్ని గద్దిస్తూ కాలక్షేపం చేస్తోంది. కాదని చెప్పి హాఫ్‌బ్యాక్ చేసే పని వివరించాను. అంతా విని, "అంటే క్లాస్ లీడరన్నమాట. దానికెందుకే దీన్ని వద్దంటారు? చెయ్యనివ్వండి," అంది. మా అమ్మ మొహం చూడాలి. "నన్ను కబడ్డీ ఆడనివ్వలేదు నువ్వు. గుర్తుందా?" అంది. అమ్మమ్మ నిమ్మకు నీరెత్తినట్టు మజ్జిగ కలుపుకుంది. "అప్పుడు నేను నీకు అమ్మని. ఇప్పుడు దీనికి అమ్మమ్మని," అంది.

ఇక తయారీ మొదలైంది. నాన్న మర్నాడే బంతి కొనుక్కొచ్చాడు. అది రగ్బీ బంతి కాదు, మెల్బోర్న్ వాళ్ళాడే ఇంకో ఫుట్‌బాల్‌ది (రెండూ కోడిగుడ్డు ఆకారమే, ఆయన తప్పేం లేదు). అది మార్చుకొచ్చే లోపల దాంతోనే మూడు రోజులు ప్రాక్టీసు చేశాను. టాక్లింగ్ నేర్చుకోవడానికి గరాజ్‌లో ఇరవై కిలోల సోనామసూరి బస్తా దొరికింది. దాన్ని గోడకి నిలబెట్టి, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, నడుం పట్టుకుని పడేసేదాన్ని. నాలుగు రోజులు అది నన్ను పడేసింది. ఐదో రోజు నేను పడేశాను, కుట్లు ఊడిపోయాయి. బియ్యం ఎత్తి డబ్బాలో పోశాం గానీ, ఆ వారమంతా మేం తిన్న ప్రతి ముద్దలోనూ గరాజ్ తగిలింది. అమ్మ పంటి కింద పడ్డ ప్రతి రాయినీ తీసి నా ప్లేటు అంచున పెట్టింది.

బంతి పట్టుకోవడానికి మాత్రం మనిషి కావాలి. స్వెట్టర్ మీద చెంగు దోపుకుని, సాక్సుల మీద చెప్పులేసుకుని అమ్మమ్మ పెరట్లో బట్టలారేసే తీగల పక్కన నిలబడేది. రగ్బీలో బంతి ముందుకి విసరకూడదు, వెనక్కో పక్కకో విసరాలి. నేను పరిగెత్తుతూ పక్కకి విసిరితే, ఆవిడ చెంగు చాచి జామకాయలు పట్టినట్టు పట్టేది. రెండు వారాలకి నా విసురు బాగుపడింది. గొంతే బాగుపడలేదు. "హియర్! గో! లెఫ్ట్!" అని అరిచేదాన్ని. అరుస్తున్నానని నేననుకునేదాన్ని. పక్క పెరట్లో నిద్రపోతున్న కుక్క చెవి కూడా ఎత్తేది కాదు.

అమ్మమ్మ ఒకరోజు బంతి చంకలో పెట్టుకుని ఆట ఆపేసింది. "ఏమే, ఎవరిని పిలుస్తున్నావే నువ్వు? గో అంటే ఎవరెళ్ళాలి? నేను క్లాసులోకెళ్ళి 'సైలెన్స్' అంటే ఒక్కతీ వినేది కాదు. 'మూడో బెంచీ సుబ్బలక్ష్మీ' అన్నాననుకో, సుబ్బలక్ష్మితో పాటు ఆ బెంచీ మొత్తం నోరు మూసేది. పేరు పెట్టి పిలవాలే. పేరు పెట్టి పిలిస్తే మనిషి కాదనలేదు. నీ జట్టులో ఎంతమంది, పేర్లేంటి?" అంది. నాకు ఐదుగురి పేర్లు తెలుసు. అమ్మమ్మ నన్ను చూసిన చూపు, బహుశా తెనాలిలో తరతరాల పిల్లలు చూసి ఉంటారు.

మర్నాడు నోటీసు బోర్డు మీది కాగితం ఫొటో తీసుకొచ్చాను. ఇరవై ఆరు మంది. అమ్మమ్మ అందరికీ రోల్ నంబర్లు వేసింది. గుర్తుండటానికి వీలుగా ఏడో నంబరు నాకే ఇచ్చింది. ఇక బట్టీ మొదలు. నేను పళ్ళు తోముకుంటుంటే బాత్రూమ్ బయట నిలబడి "పద్నాలుగు?" అనేది. నురగతోనే పేరు చెప్పాలి. డిష్‌వాషర్ సర్దుతుంటే "ఇరవై రెండు?" పేరు చెబితే చాలదు, ఆ పిల్ల ఎలా ఉంటుంది, పరుగెక్కువా బలమెక్కువా, కుడి చేతివాటమా ఎడమా, అన్నీ చెప్పాలి. అందుకని స్కూల్లో లంచ్ టైమంతా ఒక్కొక్కళ్ళనీ గమనిస్తూ తిరిగాను. నా ఫ్రెండ్స్ నాకేదో జబ్బు చేసిందనుకున్నారు.

అమ్మ ఇదంతా చూస్తూ ఒక ఆదివారం మౌత్‌గార్డ్ చేసుకొచ్చింది. పళ్ళకి తొడుక్కునే రబ్బరు తొడుగు అది, అది లేనిదే మైదానంలో కాలు పెట్టనివ్వరు. ముందే నా పళ్ళ అచ్చు తీసుకుని, క్లినిక్‌లో తన చేత్తో చేసింది. "ఒక్క ట్రయల్ ఆడు. ఎలాగూ సెలెక్ట్ అవ్వవు కదా, నీ మొండితనం తీరుతుంది," అంటూ టేబుల్ మీద పెట్టింది. అంతకంటే గట్టిగా నన్ను ఎవరూ ప్రోత్సహించలేదు.

అప్పుడు తేదీ చెప్పారు. వచ్చే మంగళవారం, స్కూలయ్యాక మూడున్నరకి. అమ్మమ్మ పంచాంగం తీసి, కళ్ళజోడు సవరించుకుని, మంచం మీద కూలబడింది. "మంగళవారం. పైగా మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఎవరే ఈ ముహూర్తం పెట్టింది?" విజిల్ మిస్ అన్నాను. నాన్న లాప్‌టాప్ లోంచి తలెత్తి, "అత్తయ్యగారూ, ఇక్కడ మూడున్నర అంటే ఇండియాలో పదకొండే. అప్పుడు రాహుకాలం లేదు. మనది ఇండియా పంచాంగమే కదా?" అని లాజిక్ తీశాడు. "ఏ ఊరి ఎండకి ఆ ఊరి రాహుకాలం, అల్లుడుగారూ. రాహువు వీసా అడిగి రాడు," అంది అమ్మమ్మ. నాన్న మళ్ళీ లాప్‌టాప్‌లోకి వెళ్ళిపోయాడు.

దీనికి అమ్మమ్మ దగ్గర విరుగుడు ఉంది. ప్రస్థానం. ప్రయాణానికి మంచి సమయం కుదరనప్పుడు, ముందే ఒక మంచి ఘడియ చూసి, వెంట తీసుకెళ్ళే వస్తువు ఏదైనా తీసుకెళ్ళి ఇంకొకరింట్లో పెడతారు. దాంతో మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడైనా దారిలో ఆ వస్తువు తీసుకుని వెళ్ళొచ్చు. షరతు ఒక్కటే, పెట్టిన వస్తువు మళ్ళీ ఇంటికి రాకూడదు. సోమవారం పదింబావుకి దివ్యమైన ఘడియ ఉందంది. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ ఏడో నంబరు కోసం రాహువుకి స్వయంగా టీ ఇమ్మన్నా ఇచ్చేదాన్ని.

సోమవారం నేను స్కూల్లో ఉండగా అమ్మమ్మ నా స్పోర్ట్స్ బ్యాగు జిప్పుకి పసుపు కుంకుమ పెట్టి, గుప్పెడు బియ్యం ఒక గుడ్డలో మూటకట్టి అందులో వేసి, వీధి దాటి ఎదురింటి ఆంటీ వాళ్ళింట్లో పెట్టొచ్చింది. ఆ ఆంటీ వాళ్ళది గుంటూరు, అమ్మమ్మకి సాయంత్రపు కబుర్లకి తోడు. తలుపు పక్కనే స్టూల్ వేసి, దాని మీద బ్యాగు తూర్పు ముఖంగా నిలబెట్టారట. బ్యాగులో ఏమేం పెట్టావని సాయంత్రం అడిగాను. "అన్నీ పెట్టానే. బూట్లు, పొడుగు సాక్సులు, మీ అమ్మ చేసిన పళ్ళతొడుగు. ఏ ఒక్కటి తక్కువైనా ప్రయాణం సగమే అవుతుంది," అంది ధీమాగా.

మంగళవారం ఉదయం ఏడున్నరకి బ్యాగు తీసుకుందామని వెళ్ళాను. బెల్లు కొట్టాను. తలుపు కొట్టాను. కారు లేదు. తలుపు పక్కన సన్నటి గాజు పలకలోంచి చూస్తే నా బ్యాగు కనిపించింది. స్టూల్ మీద, బొట్టు పెట్టుకుని, తూర్పు ముఖంగా, పెళ్ళికూతురులా కూర్చుంది. నాన్న ఫోన్ చేశాడు. ఆంటీ ఎత్తింది. "అన్నయ్యగారూ, మేం సిడ్నీలో ఉన్నామండీ! మా చెల్లికి నొప్పులొచ్చాయని నైట్ ఫోనొస్తే పరిగెత్తాం. త్రీ వీక్స్ ఎర్లీ! తాళాలు రెండూ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉన్నాయి. అయ్యో, పిల్ల బ్యాగు!" చెల్లెలుండేది సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. పైగా ఆవిడ ఫోన్ పెట్టేసేటప్పుడు వెనకాల ఎవరో గట్టిగా మూలుగుతున్నారు. అలాంటి చోట బూట్ల సంగతి ఎంతసేపు మాట్లాడతాం?

మేం నలుగురం ఆ గాజు ముందు వరసగా నిలబడి లోపలికి చూశాం. అమ్మమ్మ గొంతు తగ్గించి, "అద్దం పగలగొడదామా, అల్లుడుగారూ?" అంది. జీవితంలో చీమకి కూడా హాని తలపెట్టని మనిషి. నాన్న కంగారుపడి రెండు ఇళ్ళ వైపూ చూసి, "పోలీసులొస్తారండీ," అన్నాడు. అమ్మ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసింది. "పోన్లేవే. నీ బూట్లకి మంచి ముహూర్తం కుదిరింది, నీకు కుదర్లేదు. ఏదో మన మంచికే అనుకుందాం. మిస్‌కి మెయిల్ పెట్టేస్తాను," అంది. ఆ గొంతులో వెక్కిరింపు లేదు, నిజంగా ఓదార్పే ఉంది. నేను మాత్రం ఒంటికాలి మీద లేచాను. "ఐయామ్ గోయింగ్! బూట్లు లేకపోతే కాళ్ళున్నాయి కదా!" అని వీధి మొత్తం వినేలా అరిచాను. అప్పుడు పక్కింటి కుక్క చెవి ఎత్తింది.

అమ్మమ్మ లోపలికెళ్ళి తన వాకింగ్ షూస్ తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లవి. లేసులుండవు, పైన అతుక్కునే పట్టీలు. నా కాలికి ఒక సైజు పెద్దవి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నా చేత్తో నేనే చేశానే ఇది," అంది. ఆ మాట ఇంకోసారి అనకుండా ఆ షూస్ లాక్కుని వేసుకున్నాను.

స్కూల్లో రోజంతా నా కాళ్ళ వంక చూసి నవ్వని వాళ్ళు లేరు. మూడున్నరకి ఇరవై ఆరు మంది మైదానంలో వరసగా నిలబడ్డాం. విజిల్ మిస్ నా షూస్ చూసి కనుబొమ్మలెత్తింది. మౌత్‌గార్డ్ ఏదని అడిగింది. లేదన్నాను. "సారీ, లవ్. రూలంటే రూలే. గీత బయట కూర్చో," అంది. నేను వాదించాను. పళ్ళు నావే కదా అన్నాను. రాసిస్తానన్నాను. ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంది. నేను గీత బయట కూర్చోలేదు, నిలబడ్డాను. సరిగ్గా గీత మీద, ఆ తెల్ల షూస్ వేళ్ళు లోపలికి ఉండేలా నిలబడ్డాను.

అప్పుడొచ్చింది మా అమ్మ. క్లినిక్‌లో వేసుకునే నీలం బట్టలతోనే, మెడలో మాస్కు వేలాడుతూ, కారు తలుపు కూడా వెయ్యకుండా గడ్డి మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో మౌత్‌గార్డ్ ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. ముదురు గులాబీ రంగు, లోపల మెరుపులు. "లంచ్ మానేసి చేశా. చిన్నపిల్లలకి వాడే షీటొక్కటే మిగిలింది, అదే వేశా. నోరు తెరు," అంది. ఆవిడే నా నోట్లో పెట్టి, వేలితో అంచులన్నీ తడిమి, "కొరుకు," అంది. కొరికాను. నోటినిండా అదే, మాట్లాడే వీల్లేక ఆవిడ వంకే చూశాను. "ఇలా చూడకు. నువ్వు ఆడటం నాకిప్పటికీ ఇష్టం లేదు. ఆపితే నేను ఆపాలి గానీ, ఎదురింటి తాళం ఆపడమేంటి నిన్ను?" అంది. తర్వాత విజిల్ మిస్ వైపు తిరిగి, పళ్ళు ఊడితే అతికించేది తనేనని, కాబట్టి ఇక ఆడించమని ఇంగ్లీషులో చెప్పింది. పీటీ టీచర్లు డెంటిస్టులకి ఎదురు చెప్పరని ఆరోజు తెలిసింది.

అప్పటికి సగం ట్రయల్ అయిపోయింది. ఉన్నవాళ్ళనే రెండు జట్లు చేశారు. పోనీటెయిల్ ఒక జట్టుకి ఏడో నంబరు, ఆ నంబరు అడిగింది ఇంకెవరూ లేక నేను రెండో జట్టుకి. మొదటి బంతి నా చేతికి రాగానే గట్టిగా తన్నాను. బంతి నాలుగు గజాలు పోయింది, అమ్మమ్మ షూ మాత్రం పట్టీ ఊడి, దానికి రెట్టింపు దూరం ఎగిరి విజిల్ మిస్ కాళ్ళ దగ్గర పడింది. మైదానమంతా పగలబడి నవ్వింది. నేను రెండో షూ కూడా విప్పి గీత అవతల పెట్టాను. కాన్‌బెర్రాలో ఆకులు రాలే కాలంలో సాయంత్రం నాలుగింటికి గడ్డి ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలిసినంత బాగా ఈ దేశంలో ఎవరికీ తెలియదు.

ఆ చలికో, ఆ నవ్వులకో, కడుపులోంచి గొంతు వచ్చింది. మెరుపుల మౌత్‌గార్డ్ లోంచి మాట సగమే వస్తోంది గానీ, పేర్లు పేర్లే కదా. పద్నాలుగో పిల్లని పేరు పెట్టి పిలిచి ఎడమకి పొమ్మన్నాను. పోయింది! ఇరవై రెండుని పిలిచాను. వెనక్కి తిరిగి మరీ చూసింది, నాతో ఎన్నడూ మాట్లాడని పిల్ల, తన పేరు నాకు తెలుసని నమ్మలేక. బంతి విసిరాను, పట్టుకుంది, పరిగెత్తింది. అవతల పోనీటెయిల్ నాకంటే పదిరెట్లు బాగా ఆడుతోంది గానీ, "యూ! నో, యూ!" అని అరుస్తోంది. ఎవరా 'యూ' అని నలుగురు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేం వరసగా రెండుసార్లు బంతిని వాళ్ళ చివరి గీత దాటించి పాయింట్లు కొట్టాం. మూడోసారి బంతి చేతిలో ఉండగా పోనీటెయిల్ నన్ను బియ్యం బస్తాలా పడేసింది. మొహమంతా మట్టి. పళ్ళన్నీ ఉన్నాయి. గీత అవతల నుంచి మా అమ్మ చేతివేళ్ళతో నా పళ్ళు లెక్కపెడుతోంది.

గురువారం విజిల్ మిస్ నన్ను పక్కకి పిలిచింది. "వింగ్‌లో ఆడితే మొదటి మ్యాచ్ నుంచి జట్టులో ఉంటావు. ఏడో నంబరే కావాలంటే బెంచ్ మీద కూర్చోవాలి. ఆ పిల్లకి దెబ్బ తగిలితేనో, రాకపోతేనో నీ వంతు. ఆలోచించుకో," అంది. ఇంటికొచ్చి చెప్పాను. కన్ఫర్మ్ అయిన టికెట్ వదిలి వెయిటింగ్ లిస్టులో ఎవరైనా ఉంటారా అన్నాడు నాన్న. అమ్మకి బెంచ్ బాగా నచ్చింది, బెంచ్ మీద పళ్ళు ఊడవని. నేను మాత్రం ఆలోచించుకోలేదు. మిస్‌కి అక్కడికక్కడే చెప్పేసి వచ్చాను, బెంచ్ అని.

ఆ సాయంత్రమే ఆంటీ వాళ్ళు సిడ్నీ నుంచి పాపాయి ఫొటోలతో, మిఠాయితో తిరిగొచ్చారు. పాపం, కారు దిగుతూనే ఆంటీ లోపలికెళ్ళి నా బ్యాగు పట్టుకొచ్చి వీధి దాటబోయింది. "అక్కడే ఉంచండి, ఆంటీ!" అని కేకేశాను. "ఏడో నంబరుగా ఆడే రోజే తీసుకుంటాను. అందాకా అది మా ఇంటికి రాదు." అమ్మమ్మ కంగారు పడింది. "ప్రస్థానానికి గడువుంటుందే. వారం పదిరోజులు దాటితే పనికిరాదు," అంది. "నా ప్రస్థానానికి ఉండదు," అన్నాను. ప్రాక్టీసుకి మాత్రం ఎవరో పోగొట్టుకున్న పాత బూట్లు విజిల్ మిస్ ఇచ్చింది. ఆంటీ మూడు నెలలపాటు ఆ స్టూల్ చుట్టూ వాక్యూమ్ చేసుకుంది.

జూలైలో అమ్మమ్మ వీసా అయిపోయింది. విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఎదురింటికి వెళ్ళొస్తానంది. ఆంటీకి చెప్పడానికనుకున్నాను. గుమ్మంలోంచి చూస్తే, స్టూల్ మీద కాస్త పక్కకి తిరిగిన బ్యాగుని మళ్ళీ తూర్పుకి సర్దుతోంది. అప్పటికి నేను ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఆగస్టులో పోనీటెయిల్ చీలమండ బెణికింది. ఆఖరి మ్యాచ్‌లో కుంటుతూనే ఆడింది గానీ, ఆఖరి పదకొండు నిమిషాలు నాకు దక్కాయి. అయితే సగం ఆట దగ్గర, సిద్ధంగా ఉండమని విజిల్ మిస్ నాకు సైగ చెయ్యగానే నాన్న కారేసుకుని ఎదురింటికి పరిగెత్తాల్సి వచ్చింది. ఆంటీయే బ్యాగు పట్టుకుని ఆయనతో పాటు మైదానానికి వచ్చేసింది. జిప్పు తీశాను. పసుపు రంగు వెలిసిపోయింది. బియ్యం మూట అలాగే ఉంది. కొత్త బూట్లలో కాళ్ళు పెడితే వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ మూడు నెలల్లో నా కాళ్ళు పెరిగాయి. విప్పమంది అమ్మ. విప్పలేదు. పదకొండు నిమిషాలు, ముడుచుకున్న వేళ్ళతో, పన్నెండు మందిని పేరు పెట్టి పిలుస్తూ ఆడాను. ఓడిపోయాం. అయినా నేను పిలిచిన ప్రతి మనిషీ పరిగెత్తింది.

ఆ రాత్రి తెనాలికి వీడియో కాల్ చేశాను. నేను ఏమీ చెప్పకముందే నా జెర్సీ చూసింది అమ్మమ్మ. కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ఒకటి?" అంది. ఆ పిల్ల పేరు చెప్పాను. "రెండు?" చెప్పాను. మూడు, నాలుగు, ఐదు, ఆరు. "ఏడు?" అంది. లేచి నిలబడ్డాను. బొబ్బలెక్కిన కాళ్ళు మండుతున్నాయి. "ప్రజెంట్, టీచర్," అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత "ఎనిమిది?" అంది.

మొన్న ఆఫీసు మీటింగ్‌లో ఒక పెద్దమనిషి నా వైపు చూడకుండానే, నువ్వు నోట్స్ రాయి అన్నాడు. పెన్ను ఆయన వైపు జరిపి, పేరు పెట్టి పిలిచి, ఈసారి మీరు రాయండి అన్నాను. రాశాడు. ఇంటికొచ్చి అల్మరాలో ఆ బూట్లు తీసి చూసుకున్నాను. వాటికి మట్టి పదకొండు నిమిషాలదే అంటింది. వింగ్‌లో ఆడుంటే ఆ సీజనంతా ఆడేదాన్ని, ఇంత చిన్న లెక్క ఆ పదిహేనేళ్ళ పిల్లకి ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది అప్పుడప్పుడు. ఎదురుపడితే చెప్పాలనీ ఉంటుంది. చెప్పను. చెబితే ఒంటికాలి మీద లేస్తుంది. ఆ కాలికి షూ కూడా ఉండదు.